ఒప్పుకున్న రీల్, చెప్పిన తేదీ

ఒక బ్రాండ్ కోసం క్రియేటర్ వీడియో చేస్తున్నాడంటే ఆ వ్యవహారంలో మామూలుగా ముగ్గురుంటారు: డబ్బు పెట్టే సంస్థ, వీడియో చేసే క్రియేటర్, ఇద్దరి మధ్య తిరిగే ఏజెన్సీ. చిన్న వ్యాపారాలకు ఏజెన్సీ ఉండదు. విజయవాడ చీరల షాపు యజమాని కొడుకో, కూకట్‌పల్లి బిర్యానీ హోటల్ మేనేజరో నేరుగా ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజ్ పెడతారు. చిన్నదైనా పెద్దదైనా సంస్థ క్రియేటర్ నుంచి కోరేది రెండు. వీడియో బాగుండాలి, అనుకున్న రోజుకు రావాలి. మొదటిదాని గురించి పాఠాలు, కోర్సులు బోలెడు. రెండోదాన్ని ఎవరూ పెద్దగా నేర్పరు. మళ్లీ అక్కడి నుంచి పని వస్తుందా రాదా అన్నది మాత్రం చాలాసార్లు రెండోదాని మీదే తేలుతుంది.

క్రియేటర్‌తో మాట్లాడే మార్కెటింగ్ ఉద్యోగి తన పై అధికారికి జవాబు చెప్పుకోవాలి. వ్యూస్ తక్కువ వస్తే ఏదో ఒక వివరణ దొరుకుతుంది. వీడియో రాలేదు, క్రియేటర్ ఫోన్ ఎత్తడం లేదు అంటే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. అలా ఒకసారి ఇరుక్కున్న ఉద్యోగి కంపెనీ మారినా ఆ పేరు మరచిపోడు.

పైగా తెలుగు మార్కెట్ చాలావరకు పండుగల మీద, తేదీల మీద నడుస్తుంది. ఆషాఢం డిస్కౌంట్లు, శ్రావణమాసం చీరలు, అక్షయ తృతీయ బంగారం, దసరా దీపావళి ఆఫర్లు, సంక్రాంతి సినిమాలు. శ్రావణంలో పౌర్ణమికి ముందు శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. పట్టుచీర కొనాలనుకున్నవాళ్లు అంతకు వారం పదిరోజుల ముందే కొనేస్తారు, బ్లౌజు కుట్టించుకోవాలి కదా. దానికోసం ఒప్పుకున్న రీల్ వ్రతం రోజు ఉదయం పోస్ట్ అయితే ఎంత అందంగా తీసినా ప్రయోజనం లేదు. ముహూర్తం దాటాక వచ్చిన సన్నాయి మేళం ఎంత బాగా వాయిస్తే ఏం? సినిమా ప్రమోషన్ల సంగతి ఇంకా కఠినం. శుక్రవారం విడుదలయ్యే సినిమాకు సోమవారం వచ్చే రీల్ మీద నిర్మాత పైసా పెట్టడు.

ఈ రంగంలో నమ్మకస్తుడన్న పేరు ఎక్కువగా సమాచారం అందించే తీరును బట్టి వస్తుంది. అవతలివాళ్లకు ఏ సంగతి ఎప్పటిలోగా తెలియాలో ఆ లోపే తెలిస్తే, జరిగిన ఆలస్యాలు కూడా చాలావరకు సర్దుకుంటాయి. ఈ అధ్యాయం మొదటి మెసేజ్ నుంచి చివరి పేమెంట్ వరకు ఆ వరుసలోనే సాగుతుంది.

మొదటి జవాబు

పని వచ్చేది చాలావరకు డీఎంలోనే. 'హాయ్, కొలాబ్ చేస్తారా? రేట్ ఎంత?' అన్న ఒక్క లైనే ఉంటుంది. దానికి ఒక్క అంకెతో జవాబివ్వడం తొందరపాటు. ఏ ప్రొడక్ట్, ఎన్ని రీల్స్, ఎన్ని స్టోరీలు, ఎప్పటికి కావాలి, వీడియోను సంస్థ ఎక్కడెక్కడ వాడుకుంటుంది అన్నవి తెలియకుండా చెప్పిన రేటు తర్వాత మార్చాల్సి వస్తుంది. మార్చిన ప్రతిసారీ అవతలివాళ్లకు మోసపోతున్నామన్న అనుమానం కలుగుతుంది. అందుకే మొదటి జవాబులో ధన్యవాదాలు, ఈ నాలుగైదు ప్రశ్నలు, మెయిల్ ఐడీ ఉంటే చాలు. జవాబు ఒక పనిదినం లోపు వెళ్లాలి. పని వద్దనుకున్నా సరే, వద్దని రెండు లైన్లలో చెప్పడం మర్యాద. ఇవాళ నూనె బ్రాండ్‌లో ఉన్న మనిషి వచ్చే ఏడాది నగల బ్రాండ్‌లో ఉండవచ్చు.

మెయిల్‌లోకి రమ్మనడంలో భద్రత కూడా ఉంది. నకిలీ స్పాన్సర్‌షిప్ పేరుతో ఫైళ్లు పంపి, వాటిని తెరిచిన యూట్యూబర్ల చానళ్లను హ్యాకర్లు కాజేస్తున్నారని గూగుల్ భద్రతా బృందం 2021 అక్టోబరులోనే బయటపెట్టింది. కంపెనీ సొంత డొమైన్ లేని చిరునామా, డౌన్‌లోడ్ చేసుకోమనే సాఫ్ట్‌వేర్, ముందుగా కట్టమనే డిపాజిట్: వీటిలో ఏది కనిపించినా ఆ సంస్థ అధికారిక నంబరుకు ఫోన్ చేసి అడగాలి. అసలైన సంస్థ ఏదీ దీనికి నొచ్చుకోదు.

ఆ తర్వాత సంస్థ అడిగేది లెక్కలు. ఫాలోవర్ల సంఖ్య అందరికీ కనిపించేదే. అడిగేవాళ్లకు కావాల్సింది రీచ్, చూసేవాళ్ల ఊళ్లు, వయసు. బాగా ఆడిన ఒక్క రీల్ స్క్రీన్‌షాట్ పంపి అదే తన సగటు అన్నట్టు మాట్లాడటం ఈ రంగంలో బాగా పాతబడిన జబ్బు. గత పది రీల్స్ సగటు పంపితే అంకె చిన్నదైనా నిలబడుతుంది. ఊళ్ల సంగతి మరీ ముఖ్యం. గుంటూరులో కొత్తగా తెరిచిన హోటల్‌కు గుంటూరు, తెనాలి ప్రేక్షకులు కావాలి. ఫాలోవర్లలో సగం డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న క్రియేటర్ ఆ సంగతి ముందే చెప్పేయాలి. అదే క్రియేటర్ అమెరికాకు పచ్చళ్లు, పిండివంటలు కొరియర్ చేసే వ్యాపారికి సరిగ్గా సరిపోతాడు. ఒక పని పోయినా, తనకు సరిపోని పనిని తానే వద్దన్న మనిషిగా గుర్తుంటాడు.

రాసుకోవాల్సినవి

బేరం ఫోన్‌లో కుదిరినా ఒప్పందం రాతలో ఉండాలి. స్టాంపు కాగితాలే అక్కర్లేదు. మెయిళ్ల ద్వారా కుదిరిన ఒప్పందాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో కొట్టివేయడానికి వీల్లేదని సమాచార సాంకేతిక చట్టంలోని 10ఏ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఫోన్ పెట్టేసిన గంటలోపు 'ఇప్పుడు మనం అనుకున్నవి ఇవి, ఏదైనా తేడా ఉంటే చెప్పండి' అని ఒక మెయిల్ పంపితే అదే పునాది అవుతుంది. వాయిస్ నోట్‌లో కుదుర్చుకున్న రేటు మూడు వారాల తర్వాత ఎవరికీ దొరకదు. వాట్సాప్ వేగానికి పనికొస్తుంది. నిర్ణయం ఏదైనా జరిగితే మాత్రం దాన్ని మెయిల్‌లోకి ఎక్కించాలి.

ఎన్ని రీల్స్, ఎంత నిడివి, ఏ హ్యాండిల్ ట్యాగ్ చేయాలి వంటివి అందరూ రాసుకుంటారు. గొడవలు వచ్చేది రాయని చోట. స్క్రిప్ట్ ఎప్పుడు, డ్రాఫ్ట్ ఎప్పుడు, అప్రూవల్ ఎన్ని రోజుల్లో, పోస్ట్ ఎప్పుడు అని నాలుగు తేదీలు విడివిడిగా ఉండాలి. పోస్ట్ తేదీ ఒక్కటే రాసుకుంటే, బ్రాండ్ వాళ్లు డ్రాఫ్ట్‌ను అయిదు రోజులు నానబెట్టి చివర్లో క్రియేటర్ ఆలస్యం చేశాడంటారు. ఎన్నిసార్లు మార్పులు ఉచితమో రాయాలి. రెండు మామూలు. ఎడిటింగ్‌లో మార్పు వేరు, మళ్లీ షూట్ చేయడం వేరు అన్న తేడా కూడా రాతలోనే ఉండాలి.

వీడియో వాడకం హక్కుల విషయంలో చాలామంది క్రియేటర్లు గుడ్డిగా సంతకం పెడతారు. తన పేజీలో ఒక రీల్ పెట్టడానికి తీసుకున్న డబ్బు వేరు. అదే రీల్‌ను సంస్థ డబ్బులు పెట్టి ఏడాదిపాటు ప్రకటనగా తిప్పడం, అందులోంచి ఫొటో తీసి బస్టాపు హోర్డింగు మీద వేయడం వేరు. కాపీరైట్ చట్టం, 1957 ఇక్కడ తెలుసుకోవాల్సిన రెండు సంగతులు చెబుతోంది. ఒకరి కోరిక మీద ప్రతిఫలం తీసుకుని తీసిన ఫొటోకైనా సినిమాకైనా, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులని 17వ సెక్షన్ అంటుంది. డబ్బిచ్చి చేయించిన వీడియో మొత్తం తమదేనని సంస్థ వాదించడానికి ఇది దారి ఇస్తుంది. ఇక హక్కులు రాసిచ్చేటప్పుడు ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్లుగా, ఎక్కడివరకో రాయకపోతే దేశమంతటికీ ఇచ్చినట్టుగా లెక్క అని 19వ సెక్షన్. 'వీడియో హక్కులు క్రియేటర్‌వే. సంస్థ తన సొంత పేజీల్లోనూ ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల్లోనూ 3 నెలలు వాడుకోవచ్చు' అన్న ఒక్క వాక్యం ఈ చిక్కులన్నిటినీ ముందే విప్పేస్తుంది.

పోటీ బ్రాండ్లకు పనిచేయకూడదన్న షరతు కూడా అంతే. తలనూనె ప్రచారానికి ఒప్పుకుంటే షాంపూ చేయవచ్చా? హెయిర్ సీరం సంగతేమిటి? 'పోటీ ఉత్పత్తులు' అని వదిలేయకుండా ఏయే రకాలు, ఎన్ని రోజులు అన్నది పేర్లతో రాసుకోవాలి. అంతకుముందు వారమే ఇంకో నూనెకు రీల్ చేసి ఉంటే దాచకూడదు. ఎలాగూ అది పేజీలోనే కనిపిస్తూ ఉంటుంది.

రీల్‌కు పెట్టే పాట మరో చిక్కు. ట్రెండింగ్‌లో ఉన్న సినిమా పాటను మామూలు రీల్‌కు యాప్‌లోని లైబ్రరీ నుంచి వాడినట్టు వ్యాపార ప్రకటనకు వాడటానికి వీల్లేదు. దానికి మ్యూజిక్ కంపెనీ నుంచి విడిగా అనుమతి కావాలి. ఆ అనుమతి ఎవరు తేవాలి, లేదంటే ఏ సంగీతం వాడాలి అన్నది స్క్రిప్ట్ దశలోనే తేల్చుకోవాలి.

బ్రీఫ్, డ్రాఫ్ట్, మార్పులు

వీడియో ఎలా ఉండాలో చెబుతూ సంస్థ పంపే బ్రీఫ్‌ను అందిన రోజే చదివి, అందిందని చెప్పి, సందేహాలన్నీ ఒకే మెయిల్‌లో అడగడం మంచి అలవాటు. రోజుకొక ప్రశ్న వాట్సాప్‌లో విసిరితే బ్రీఫ్ చదవలేదన్న సంగతి బయటపడుతుంది. సంస్థ వైపు కూడా ఒక బాధ్యత ఉంది, దాన్ని పాటించేవాళ్లు తక్కువ. అభిప్రాయాలు అయిదుగురివి ఉండవచ్చు, అవి క్రియేటర్‌కు ఒకరి నోటి ద్వారానే చేరాలి. ఒకరు నవ్వు ఎక్కువైందని, ఇంకొకరు ఇంకాస్త సరదాగా ఉండాలని అంటే ఆ డ్రాఫ్ట్ ఏ తీరానికీ చేరదు. 'కొంచెం ఎనర్జీ పెంచండి' అన్న ఫీడ్‌బ్యాక్‌తో ప్రపంచంలో ఏ ఎడిటరూ ఏమీ చేయలేడు. '12వ సెకను నుంచి 18వ సెకను దాకా తగ్గించండి, ధర చివర్లో కాకుండా మొదట్లో చెప్పండి' అంటే అరగంట పని.

ప్రొడక్ట్ గురించి బ్రాండ్ చెప్పించే మాటలు అసలైన పరీక్ష. 'ఏడు రోజుల్లో తెల్లగా', 'షుగర్ పూర్తిగా మాయం' వంటి లైన్లు స్క్రిప్ట్‌లో వస్తే ఆధారం అడగాలి. మధుమేహం, ఊబకాయం వంటి జబ్బులను ఈ మందు నయం చేస్తుందని ప్రచారం చేయడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించిన ప్రచారకర్తకు కూడా 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ అదే పని చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. మొదటిసారి ఏడాది వరకు, తర్వాత మూడేళ్ల వరకు ఏ ప్రచారమూ చేయకుండా నిషేధించే అధికారం కూడా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. చెప్పిన మాట నిజమో కాదో తాను తగినంత శ్రద్ధగా పరిశీలించానని చూపగలిగితే ప్రచారకర్తకు ఆ జరిమానా, నిషేధాల నుంచి మినహాయింపు ఉంది. ఆ శ్రద్ధకు సాక్ష్యం ఆధారం అడుగుతూ పంపిన మెయిలే. 'సార్, ఈ లైన్‌కు ల్యాబ్ రిపోర్టు ఉంటే పంపగలరా? లేకపోతే నేను వాడినన్నాళ్లలో నాకు అనిపించింది చెబుతాను' అంటే ఎవరి మర్యాదకూ భంగం లేదు, దారి మూయలేదు కూడా.

పిలుపుల విషయం ఇక్కడే చెప్పుకోవచ్చు. మన దగ్గర రెండో ఫోన్‌కే అన్నా, అక్కా అనుకోవడం వచ్చేస్తుంది. షూటింగ్‌లో అది హాయిగానే ఉంటుంది. 'డియర్', 'బ్రో' మాత్రం తెలియని మనిషికి రాసే మొదటి మెసేజ్‌లో ఎబ్బెట్టుగా ఉంటాయి. డబ్బు, తేదీలు, అభ్యంతరాల గురించి రాసే మెయిల్‌లో ఎంత చనువున్నా 'గారు' అనే ఉండాలి. ఆ మెయిల్ రేపు అకౌంట్స్ విభాగానికో లీగల్ విభాగానికో ఫార్వర్డ్ అవుతుంది, అక్కడివాళ్లకు ఈ అక్కాతమ్ముళ్ల బంధం తెలియదు.

ఆలస్యం చెప్పే పద్ధతి

ఆలస్యాలు తప్పవు. కెమెరా పాడవుతుంది, ఇంట్లో పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తుంది, కొరియర్ పార్సెల్ నాలుగు రోజులు ఆలస్యంగా దిగుతుంది. మామూలుగా వెళ్లే మెసేజ్ ఇలా ఉంటుంది: 'సారీ మేడమ్, కొంచెం హెల్త్ బాలేదు, త్వరలో పంపేస్తా.' అది కూడా గడువు దాటిన మర్నాడు, అవతలివాళ్లు రెండుసార్లు అడిగాక. ఇందులో 'త్వరలో' అన్నది తేదీ కాదు. దాన్ని పట్టుకుని మార్కెటింగ్ ఉద్యోగి ఏ నిర్ణయమూ తీసుకోలేదు.

అదే సంగతిని ఒకరోజు ముందు ఇలా రాయవచ్చు:

'మేడమ్, నమస్తే. రేపు సాయంత్రం పంపాల్సిన డ్రాఫ్ట్ గురువారం మధ్యాహ్నం 12 గంటలకు పంపగలను. నిన్న తీసిన ఫుటేజీలో ఆడియో సగం దెబ్బతింది, రేపు ఉదయం మళ్లీ రికార్డ్ చేస్తున్నాను. శుక్రవారం సాయంత్రం పోస్ట్ అన్న తేదీ మారదు, కాకపోతే గురువారం రాత్రిలోగా మీ అప్రూవల్ కావాలి. అది కష్టమైతే ఈరోజు చెప్పండి, శుక్రవారం స్టోరీలు పెట్టి రీల్‌ను శనివారం ఉదయానికి మారుద్దాం.'

మొదటి వాక్యంలోనే కొత్త తేదీ, గంటతో సహా ఉంది. కారణం ఒక్క వాక్యంలో అయిపోయింది, సానుభూతి కోరలేదు. పోస్ట్ తేదీ నిలుస్తుందన్న భరోసా ఉంది, దానికోసం అవతలివాళ్లు చేయాల్సిన పని ఉంది. అది కుదరకపోతే రెండో దారి కూడా సిద్ధంగా ఉంది. ఇది చదివిన ఉద్యోగి పై అధికారి గదిలోకి ఒక సమస్యతో కాకుండా రెండు మార్గాలతో వెళ్తుంది. కొత్తగా చెప్పిన తేదీని కచ్చితంగా నిలబెట్టుకోవాలన్నది వేరే చెప్పనక్కర్లేదు. ఒకసారి మారిన తేదీని ఎవరైనా ఒప్పుకుంటారు, మూడోసారి మారితే ఎంత చక్కగా రాసిన మెయిల్ అయినా పనిచేయదు.

కారణం నిజమైనదే అయి ఉండాలి. జ్వరమని చెప్పి ఆ సాయంత్రమే ఆర్కే బీచ్ నుంచి స్టోరీ పెట్టే క్రియేటర్లు ఉన్నారు. బ్రాండ్ వాళ్లు కూడా ఫాలోవర్లేనన్న సంగతి ఎలా మరచిపోతారో ఆశ్చర్యం.

చాలా ఆలస్యాల మూలం ఒప్పుకునే రోజునే ఉంటుంది. దసరా నుంచి దీపావళి దాకా ఉండే నెల రోజుల్లో, వచ్చిన ప్రతి పనికీ సరేననడం సహజం. ఏడాదంతా రాని డబ్బు అప్పుడే వస్తుంది మరి. కానీ షూట్ చేసేది ఒక మనిషి, ఎడిట్ చేసేది చాలాసార్లు బయటి కుర్రాడు, అతనికి అదే వారం ఇంకో నలుగురి పని ఉంటుంది. ఎడిటర్ మంగళవారం అంటే బ్రాండ్‌కు గురువారం చెప్పడం వివేకం. పార్సెల్ అందాకే రోజులు లెక్క మొదలవుతాయని ఒప్పందంలో రాసుకుంటే కొరియర్ పాపం క్రియేటర్ నెత్తిన పడదు.

ఇది ప్రకటన అని చెప్పడం

ఫాలోవర్లతో జరిగే సంభాషణ కూడా ఈ పనిలో భాగమే. 1985లో ఏర్పడిన అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం మార్గదర్శకాలు తెచ్చింది. వాటి ప్రకారం డబ్బే కాదు, ఉచిత వస్తువు, ప్రయాణం, బస ఏది అందినా ఆ పోస్టు ప్రకటన అని లేబుల్ ఉండాలి. లేబుల్ ఇంగ్లిష్‌లో గానీ ప్రకటన ఏ భాషలో ఉందో ఆ భాషలో గానీ ఉండవచ్చు. వీడియో 15 సెకన్లు లేదా అంతకన్నా తక్కువైతే లేబుల్ కనీసం 3 సెకన్లు కనిపించాలి. అంతకుమించి 2 నిమిషాల లోపైతే నిడివిలో మూడో వంతు కనిపించాలి. 2 నిమిషాలు, ఆపైన అయితే ఆ ఉత్పత్తి గురించి మాట్లాడే భాగమంతా ఉండాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2023 జనవరిలో ఇలాంటి సూచనలే విడుదల చేసింది. ముప్పై హ్యాష్‌ట్యాగ్‌ల మధ్య ఇరికించిన లేబుల్ లేబుల్ కిందికి రాదు.

కొన్ని సంస్థలు 'పెయిడ్ అని వేయకండి, రీచ్ పడిపోతుంది' అని అడుగుతాయి. దానికి జవాబు సూటిగా ఉండాలి: లేబుల్ లేకుండా పోస్ట్ చేయడం కుదరదు. ఈ మాట డ్రాఫ్ట్ రోజున కాక మొదటి మెయిల్‌లోనే చెబితే తర్వాత పేచీ రాదు.

ఏ పని ఒప్పుకోకూడదో చెప్పే ఉదాహరణ తెలుగు రాష్ట్రాల్లోనే ఉంది. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్ట సవరణలతో నిషేధించాయి. అయినా బెట్టింగ్ యాప్‌ల ప్రమోషన్లు సాగుతూనే వచ్చాయి. 2025 మార్చిలో హైదరాబాద్‌లో పోలీసులు పలువురు నటులు, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పెట్టినప్పుడు, అంతకు చాలాకాలం ముందు చేసిన వీడియోలు కూడా చర్చలోకి వచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆటలకు ప్రకటన చేస్తే 2 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా అంటోంది. షేర్ల సలహాలు ఇచ్చే క్రియేటర్‌కు సెబీ రిజిస్ట్రేషన్ ఉందా అన్నది కూడా ఇప్పుడు సంస్థలు ముందే అడుగుతున్నాయి.

పోస్ట్ చేశాక

లింకు అవతలివాళ్లు వెతుక్కునేలా చేయకూడదు, పోస్ట్ అయిన వెంటనే వెళ్లాలి. ఆ తర్వాత రెండు రోజులు గడిచాక ఒకసారి, వారం గడిచాక ఇంకోసారి ఇన్‌సైట్స్ స్క్రీన్‌షాట్లు పంపాలి. అడిగించుకోకుండా పంపే క్రియేటర్లు అరుదు కాబట్టి ఈ చిన్న పనికి దక్కే విలువ ఎక్కువ. రీల్ సరిగా ఆడకపోతే ఆ సంగతి క్రియేటరే ముందు చెప్పడం మేలు. కారణం తోచితే అది, తోచకపోతే ఒక అదనపు స్టోరీ పెడతానన్న మాట చాలు. వ్యూస్‌కు హామీ ఇవ్వడం మాత్రం ఏ దశలోనూ వద్దు, అది ఎవరి చేతిలోనూ లేదు. కొన్న వ్యూస్‌తో లెక్క నింపితే అది ఏదో ఒక రోజు బయటపడుతుంది.

కామెంట్లలో 'నేను ఆర్డర్ చేశా, పార్సెల్ రాలేదు' అని రాసేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఆ కామెంట్‌ను తీసేస్తే పోయేది క్రియేటర్ పరువే. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి బ్రాండ్‌కు పంపి, ఎవరిని సంప్రదించాలో కింద జవాబు రాయాలి.

డబ్బు విషయంలో నమ్మకం

ఇక్కడ తప్పు ఎక్కువగా సంస్థల వైపే ఉంటుంది. పోస్ట్ గంట ఆలస్యమైతే పదిసార్లు ఫోన్ చేసేవాళ్లు పేమెంట్ మూడు నెలలు ఆలస్యమైతే ఫోన్ ఎత్తరు. కొత్త సంస్థ అయితే సగం అడ్వాన్స్ అడగడంలో తప్పులేదు. ఇన్వాయిస్‌లో పేరు, పాన్, బ్యాంకు వివరాలు, చేసిన పని, ఒప్పుకున్న మొత్తం, చెల్లించాల్సిన తేదీ ఉండాలి. సేవల మీద ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. చెప్పిన రేటులో జీఎస్టీ కలిసిందా లేదా అన్నది బేరం రోజే తేలాలి.

డబ్బు లేని బార్టర్ కొలాబ్ కూడా పన్ను కంట పడుతుంది. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకరికిచ్చే వస్తు రూప ప్రయోజనాల విలువ 20,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ కోయాలన్న నిబంధన 2022 జూలై 1 నుంచి ఉంది. వీడియో కోసం ఇచ్చిన ఫోన్‌ను తిరిగి ఇచ్చేస్తే అది ప్రయోజనం కాదని, ఉంచుకుంటే ప్రయోజనమేనని ప్రత్యక్ష పన్నుల బోర్డు అదే ఏడాది జూన్‌లో వివరణ ఇచ్చింది. కాబట్టి వస్తువు వెనక్కి వెళ్తుందా ఉండిపోతుందా అన్నది మెయిల్‌లో రాసి ఉండాలి.

సూక్ష్మ లేదా చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న క్రియేటర్‌కు ఇంకొక అండ ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి చెల్లింపు ఆపకూడదని, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతోంది. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ పడుతుంది. మొదటి రిమైండర్‌లోనే చట్టం పేరెత్తనక్కర్లేదు. గడువు రోజున ఇన్వాయిస్ జతచేసి మర్యాదగా ఒక మెయిల్, వారం తర్వాత అకౌంట్స్ విభాగాన్ని కలిపి ఇంకొకటి, ఆ తర్వాత చట్టం ప్రస్తావన. పేమెంట్ రాలేదని కోపంతో స్టోరీలో సంస్థను ఏకిపారేస్తే ఆ రోజుకు లైకులు వస్తాయి, కానీ ఆ స్టోరీని చూసే మిగతా సంస్థలు కూడా వెనక్కి తగ్గుతాయి. ఫిర్యాదుకు ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, దాన్ని వాడుకోవచ్చు.

మధ్యలో పని మానుకోవాల్సి వస్తే

ప్రొడక్ట్ వాడి చూశాక నచ్చకపోవచ్చు, ఒంటికి పడకపోవచ్చు, సంస్థ మీద ఏదైనా వివాదం రావచ్చు. అప్పుడు తప్పుకోవడం తప్పేమీ కాదు, మాట్లాడకుండా మాయమవడం తప్పు. ఫోన్ చేసి చెప్పి, వెంటనే మెయిల్ పంపాలి. అందులో కారణం క్లుప్తంగా, నిందలు లేకుండా ఉండాలి. అడ్వాన్స్ ఎంత, ఏ తేదీలోగా వెనక్కి ఇస్తారో ఉండాలి. షూట్ ఖర్చులు అప్పటికే అయిపోయి ఉంటే వాటి లెక్క, ఒప్పందంలో దానికి సంబంధించిన షరతు చూపాలి. సంస్థే ప్రచారాన్ని రద్దు చేసుకున్నప్పుడు కూడా ఇదే వర్తిస్తుంది: స్క్రిప్ట్ దశలో ఆపితే ఎంత, షూట్ అయ్యాక ఆపితే ఎంత అన్నది మొదటే రాసుకున్నవాళ్లకు ఈ మెయిల్ నాలుగు లైన్లలో అయిపోతుంది. తీసిన ఫుటేజీని ఎవరూ వాడకూడదన్న మాట, ప్రొడక్ట్ వెనక్కి పంపాల్సిన చిరునామా, కొరియర్ ఖర్చు ఎవరిదన్నది కూడా అందులోనే రాయాలి.